లండన్‌లో పుట్టిన ఐరిష్ పాట

'ది పోగ్స్' అనే బృందం 1985 ఆగస్టులో స్టిఫ్ రికార్డ్స్ సంస్థ ద్వారా వెలువరించిన 'రమ్, సోడమీ అండ్ ది లాష్' అనే ఆల్బమ్‌ను కెల్టిక్ పంక్ సంగీతానికి కొలమానంగా నేటికీ భావిస్తారు. ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ మొదలైన చోట్ల కెల్టిక్ కుటుంబానికి చెందిన భాషలు మాట్లాడిన జనుల సంప్రదాయాన్ని కెల్టిక్ అంటారు. పంక్ అనేది 1976, 77 సంవత్సరాల్లో సెక్స్ పిస్టల్స్, ది క్లాష్ వంటి బృందాలతో లండన్‌లో వెల్లువెత్తిన రాక్ సంగీత ధోరణి. గిటార్ మీద మూడు కార్డ్స్ పట్టడం వచ్చినవాడెవడైనా వేదిక ఎక్కవచ్చునని, గొంతు మాధుర్యం కన్నా చెప్పదలచిన మాటలోని తెగువ ముఖ్యమని ఆ ధోరణి నమ్మింది. ఈ రెండింటి కలయిక అంటే జానపద గీతాలను రెట్టింపు వేగంతో వాయించడమేనని చాలామంది అనుకుంటారు గాని, ఈ ఆల్బమ్ సాధించినది అంతకన్నా లోతైనది. వలసపోయినవారు, సైనికులు, కూలీలు తమ బతుకును తామే చెప్పుకోవడానికి కట్టుకున్న పాటలకు కాలక్రమంలో మర్యాదపు పూత ఒకటి పట్టింది. ఆ పూతను గీకి పారేసి, పాటను తిరిగి ఆ మనుషుల నోటికే అప్పగించడం దీని ఘనత.

ఈ పని ఐర్లండ్‌లో జరగలేదన్నది గుర్తుంచుకోవలసిన విషయం. పోగ్స్ బృందం 1982లో లండన్‌లోని కింగ్స్ క్రాస్ ప్రాంతంలో ఏర్పడింది. ఐరిష్ భాషలో మోటు తిట్టు అయిన ఒక మాటను మొదట పేరుగా పెట్టుకొని, రేడియోలో దానికి అభ్యంతరాలు రావడంతో కుదించుకున్నారు. ప్రధాన గాయకుడు, పాటల రచయిత షేన్ మెక్‌గోవన్ 1957 డిసెంబరు 25న ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో ఐరిష్ తల్లిదండ్రులకు పుట్టి, బాల్యంలో కొంతకాలం టిప్పరరీ పల్లెలోని తల్లివైపు బంధువుల ఇంట పాటల మధ్య గడిపి, యౌవనంలో లండన్ పంక్ గుంపుల్లో తిరిగినవాడు. టిన్ విజిల్ వాయించిన స్పైడర్ స్టేసీ, బాంజో వాయించిన జెమ్ ఫైనర్, అకార్డియన్ వాయించిన జేమ్స్ ఫియర్న్‌లీ, డ్రమ్మర్ ఆండ్రూ రాంకెన్ ఇంగ్లండ్‌వారే. బేస్ గిటార్ వాయించిన కేట్ ఓ'రియోర్డన్ నైజీరియాలో పుట్టిన ఐరిష్ సంతతి యువతి; గిటారిస్టు ఫిలిప్ షెవ్రాన్ ఒక్కడే డబ్లిన్ నుంచి వచ్చినవాడు. అందువల్ల వీరి ఐరిష్‌తనం ఊరిలో ఉండి అనుభవించినది కాదు, ఊరికి దూరమైనవారి జ్ఞాపకంలో నిలిచినది. ఇంట్లో విన్న పాట, బయట ఎదురైన అవమానం, సెలవుల్లో చూసివచ్చిన పల్లె కలిసి తయారైన ఆ జ్ఞాపకంలో వాస్తవం కొంత, కోరిక కొంత ఉంటాయి; ఈ ఆల్బమ్‌లోని బాధకు, ఉద్వేగానికి ఆ మిశ్రమమే మూలం.

ఐర్లండ్ చరిత్రలో వలసకు ఉన్న స్థానం తెలియకపోతే ఈ పాటలు సగమే అర్థమవుతాయి. 1845లో బంగాళాదుంప పంటకు సోకిన తెగులుతో మొదలై ఏళ్ల తరబడి సాగిన మహాక్షామంలో దాదాపు 10 లక్షల మంది మరణించగా, సుమారు మరో 10 లక్షల మంది దేశం వదిలి వెళ్లారు. ఆ ప్రవాహం తరువాతి తరాల్లోనూ ఆగలేదు. 1980లలో నిరుద్యోగం మళ్లీ వేలాది యువతను లండన్‌కు తరిమింది. అప్పటికి బ్రిటన్‌లో ఐరిష్ యాస వినిపిస్తే అనుమానంగా చూసే పరిస్థితి ఉండేది. 1974 నవంబరులో ఐరిష్ సాయుధ తిరుగుబాటుదారుల పనిగా భావించిన బర్మింగ్‌హామ్ పబ్‌ల బాంబు పేలుళ్లలో 21 మంది మరణించిన తరువాత ఉగ్రవాద నిరోధక చట్టం వచ్చింది. ఆ కేసులో శిక్షపడిన ఆరుగురు ఐరిష్ పురుషులు నిర్దోషులని తేలి విడుదల కావడానికి 1991 దాకా పట్టింది. అటువంటి వాతావరణంలో తమ మూలాన్ని లోగొంతుకతో చెప్పుకోవడం అలవాటైన సమాజం నుంచి ఇంత బిగ్గరగా, ఇంత నిస్సంకోచంగా ఒక పాట వెలువడడం ఆ కాలపు శ్రోతలకు సంగీతానికి మించిన సంగతిగా తోచి ఉంటుంది.

ధ్వని విషయానికి వస్తే, ఐరిష్ నృత్య సంగీతంలోని రీల్, జిగ్ అనే రూపాలు స్వభావంచేతనే వేగవంతమైనవి. రీల్ నాలుగు దెబ్బల నడకతో సాగితే, జిగ్ మూడేసి అక్షరాల గుంపులతో తుళ్లుతూ సాగుతుంది. ఆ వేగాన్ని పంక్ వేగంతో జోడించడానికి పోగ్స్ పెద్దగా శ్రమపడనక్కరలేకపోయింది. రెండూ నిలబడి, చెమటోడ్చి, జనంతో కలిసి అనుభవించవలసిన సంగీతాలే. ఆరు రంధ్రాలున్న చిన్న రేకు వేణువైన టిన్ విజిల్ పంక్‌లో లీడ్ గిటార్ ఆక్రమించే స్థానాన్ని తీసుకున్నది. తొలినాళ్లలో రాంకెన్ పూర్తి డ్రమ్ సెట్ లేకుండా, రెండు డ్రమ్ములను మాత్రమే ముందు పెట్టుకొని నిలబడి వాయించేవాడు. స్టేసీ వేదిక మీద బీరు పళ్లేన్ని తలకు కొట్టుకొని తాళం వేసేవాడు. ఈ మొరటుదనం కింద గట్టి కూర్పు ఉన్నది. అకార్డియన్ దీర్ఘస్వరాలు, బాంజో తునకల నడక, వేణువు పై స్థాయి దేని చోటులో అది ఉండి గాయకుడి మాటకు అడ్డురాకుండా నడుస్తాయి. నిర్మాత ఎల్విస్ కాస్టెల్లో బృందపు ధ్వనిని నున్నగా చెక్కే ప్రయత్నం చేయలేదు. ఆయన కూడా ఐరిష్ మూలాలున్న కుటుంబంలో లండన్‌లో పుట్టినవాడే కావడంచేత, దేనిని ముట్టుకోకూడదో ఆయనకు తెలిసి ఉండవచ్చు. మెక్‌గోవన్ గొంతులోని బొంగురు, కొన్ని మాటలు నమిలినట్టు వినిపించడం, ఊపిరి తీసుకునే చప్పుడు యథాతథంగా మిగిలాయి.

అయితే ఆల్బమ్ హృదయం మెక్‌గోవన్ స్వయంగా రాసిన పాటల్లో ఉన్నది. మొదటి పాట 'ది సిక్ బెడ్ ఆఫ్ కూ హులిన్' పేరులో ఉన్న కూ హులిన్ ప్రాచీన ఐరిష్ వీరగాథల నాయకుడు. చావు దగ్గరపడినప్పుడు కూడా శత్రువుల ముందు నేలకొరగకుండా తనను ఒక శిలా స్తంభానికి కట్టుకున్నవాడని కథ. ఆ మరణ దృశ్యపు కంచు విగ్రహాన్ని బ్రిటిష్ పాలనపై 1916లో జరిగిన తిరుగుబాటుకు స్మారకంగా డబ్లిన్ ప్రధాన తపాలా కార్యాలయంలో ప్రతిష్ఠించారు. అంతటి పేరును మెక్‌గోవన్ మంచంపట్టిన ఒక తాగుబోతు ముసలివాడి పాటకు శీర్షికగా పెట్టి, స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టులపై పోరాడిన ఫ్రాంక్ రయన్ వంటి నిజమైన వ్యక్తుల పేర్లను అతని జ్వరపు కలవరింతల్లో కలిపాడు. ఇందులో పురాణ వీరుడిని కించపరిచే ఉద్దేశం కనిపించదు. ఎవరూ విగ్రహం కట్టని ఒక సామాన్యుడి జీవితంలోనూ ఆ వీరగాథ ముక్కలుగా బతికి ఉంటుందన్న నమ్మకమే ఆ పాటను నడిపిస్తుంది.

'ది ఓల్డ్ మెయిన్ డ్రాగ్' పాటలో అటువంటి ఊరట ఏదీ లేదు. పదహారేళ్ల కుర్రవాడొకడు లండన్ చేరి, పికడిల్లీ వీధుల్లో ఒళ్లమ్ముకొని, మత్తుమందులకు లోనై, పోలీసుల దెబ్బలు తిని శిథిలమైపోయే క్రమాన్ని అతని నోటితోనే చెప్పించే ఈ పాటలో జాలి కోసం చేయి చాచే మాట ఒక్కటీ కనిపించదు. పాత ప్రవాస గీతాల బాణీలోనే నడుస్తూ, ఆ గీతాలు నోరెత్తని విషయాలను పలుకుతుంది. 'ఎ పెయిర్ ఆఫ్ బ్రౌన్ ఐస్' మరింత క్లిష్టమైన రచన. ప్రేమ చెడి తాగడానికి వచ్చిన యువకుడి పక్కన ఒక వృద్ధుడు కూర్చొని, తాను యుద్ధంలో చూసిన తెగిపడిన అవయవాల గురించి, తిరిగివచ్చేసరికి తన కోసం ఎదురుచూడకుండా పోయిన గోధుమరంగు కళ్ల గురించి చెబుతుంటే, వినేవాడికి మొదట విసుగే కలుగుతుంది. పాట ముగిసేసరికి ఎవరి దుఃఖం ఎవరిదో విడదీయలేని స్థితి ఏర్పడుతుంది. ఒక తరం గాయం మరొక తరానికి ఎలా అంటుతుందో ఇంత తక్కువ మాటల్లో చెప్పిన పాటలు ఆ దశాబ్దపు ఆంగ్ల సంగీతంలో అరుదు. ఊరు విడిచిపోతున్న మిత్రుడిని వానలో రైల్వే స్టేషన్ దాకా సాగనంపే 'శాలీ మెక్‌లనన్' వీటికి భిన్నంగా గంతులేస్తూ సాగుతుంది. వీడ్కోలుకు ఏడుపు ఎంత సహజమో విందు కూడా అంతే సహజమైన సమాజంలో పుట్టిన పాట అది.

ఇతరుల పాటలను ఎంచుకున్న తీరులోనూ అదే దృష్టి పనిచేసింది. 'డర్టీ ఓల్డ్ టౌన్' ఐరిష్ పాట అని లోకంలో చాలామంది నమ్ముతారు. నిజానికి దానిని ఈవన్ మెక్‌కోల్ 1949లో ఇంగ్లండ్‌లోని సాల్‌ఫర్డ్ అనే పారిశ్రామిక పట్టణాన్ని ఉద్దేశించి, ఒక నాటకం కోసం రాశాడు. పొగ గొట్టాల మధ్య ప్రేమను, ఆ ఊరిని కూల్చివేయాలన్న కసిని ఒకే శ్వాసలో చెప్పే ఆ పాటను డబ్లినర్స్ అనే ఐరిష్ బృందం ప్రచారంలోకి తేగా, పోగ్స్ దానిని పూర్తిగా తమ పాటగా చేసుకున్నారు. ఫిల్ గాస్టన్ రాసిన 'నావిగేటర్' 19వ శతాబ్దంలో బ్రిటన్ కాలువలు తవ్వి, రైలు మార్గాలు వేసి, సొరంగాలు తొలిచి, ఆ పనిలోనే వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయిన నావీలనే కూలీల స్మృతి గీతం. వారిలో ఐర్లండ్ నుంచి వచ్చినవారు ఎందరో. దేశమంతటా ఆనకట్టల పునాదుల్లో చెమట ధారపోసి, ఆ ఆనకట్టల శిలాఫలకాల మీద పేరుకు నోచుకోని పాలమూరు లేబర్ చరిత్ర తెలిసిన తెలుగు పాఠకులకు ఈ పాట వివరణ లేకుండానే అందుతుంది. 'ఐ యామ్ ఎ మ్యాన్ యూ డోంట్ మీట్ ఎవ్రీ డే' అనే పాత పాటను ఓ'రియోర్డన్ పాడింది. పురుషుడి గొప్పలతో నిండిన ఆ సాహిత్యాన్ని ఒక యువతి నెమ్మదిగా, ఏ ఆడంబరమూ లేకుండా పాడడంతో దానిలో దాగిన ఒంటరితనం బయటపడింది.

చివరి పాట గురించి కొంత విస్తరంగా చెప్పక తప్పదు. స్కాట్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు వలసపోయిన ఎరిక్ బోగుల్ 1971లో రాసిన 'అండ్ ది బ్యాండ్ ప్లేడ్ వాల్ట్జింగ్ మటిల్డా' 1915 నాటి గల్లిపొలి యుద్ధంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న ఒక ఆస్ట్రేలియా సైనికుడి స్వగతం. టర్కీ తీరాన్ని ఆక్రమించడానికి బ్రిటిష్ సామ్రాజ్యం చేసిన ఆ విఫలయత్నంలో 8,000కు పైగా ఆస్ట్రేలియన్లు మరణించారు. ఐరిష్ పటాలాలు కూడా అక్కడ కుప్పకూలాయి. సిక్కులు, గూర్ఖాలతో సహా వేలాది భారతీయ సైనికులు అక్కడ పోరాడారు. బ్రిటిష్ సైన్యంలో చేరి చనిపోయినందువల్ల ఆ ఐరిష్ సైనికులను స్వతంత్ర ఐర్లండ్ చాలాకాలం తలచుకోలేదు. ఆ నేపథ్యంలో ఒక ఐరిష్ సంతతి గాయకుడు ఈ పాటను ఎత్తుకోవడంలో ఎంతో అర్థమున్నది. దాదాపు 8 నిమిషాల ఈ గానంలో వేగం ఎక్కడా లేదు. వాద్యాలు ఒకటొకటిగా వచ్చి చేరుతుంటే మెక్‌గోవన్ స్వరం ఒక్క మెట్టూ అనవసరంగా ఎక్కకుండా, అలసిపోయిన మనిషి వాంగ్మూలం ఇస్తున్నట్టు సాగుతుంది. ఇతర గాయకులు ఈ పాటను శోకగీతంగా పాడారు. ఇక్కడ అది సాక్ష్యమైంది.

ముఖచిత్రం, శీర్షిక కూడా ఈ దృష్టిలోంచి వచ్చినవే. బ్రిటిష్ నౌకాదళ సంప్రదాయమంటే సారాయి, మగవారి నడుమ లైంగిక చర్య, కొరడా దెబ్బలు తప్ప మరేమీ కాదని చర్చిల్ అన్నట్టు ప్రచారంలో ఉన్న మాట నుంచి రాంకెన్ ఆ శీర్షికను సూచించాడు. ముఖచిత్రం ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1819లో పూర్తిచేసిన 'మెడ్యూసా తెప్ప'కు మార్పుచేసిన రూపం. 1816లో అసమర్థుడైన కెప్టెన్ వల్ల పశ్చిమ ఆఫ్రికా తీరంలో మెడ్యూసా నౌక ఇసుక మేటలో చిక్కుకొన్నప్పుడు, పడవల్లో చోటు దొరకని సుమారు 150 మందిని ఒక తెప్ప మీద వదిలివేయగా, 13 రోజుల తరువాత 15 మందే సజీవంగా దొరికారు. ఆ అభాగ్యుల ముఖాల స్థానంలో బృంద సభ్యుల ముఖాలు ఉంచారు. పెద్దలు పడవల్లో తప్పించుకుపోయి తెప్పను గాలికి వదిలివేసిన ఆ సంఘటన కన్నా ఈ పాటల్లోని మనుషులకు తగిన చిత్రం దొరకడం కష్టం.

లోపాలు లేవని కాదు. 'జెస్సీ జేమ్స్', 'ది జెంటిల్‌మన్ సోల్జర్' ఉల్లాసం కోసం చేర్చినట్టుంటాయే గాని పైన చెప్పిన పాటల సరసన నిలువవు. అంతకన్నా తీవ్రమైన చిక్కు మద్యం విషయంలో ఉన్నది. పాటల్లో తాగుడు బాధకు గుర్తుగా, స్నేహానికి సందర్భంగా, మరణానికి కారణంగా వస్తుంది. అభిమానుల్లో చాలామంది మాత్రం దానిని వేడుకగానే స్వీకరించి, మెక్‌గోవన్ మత్తును అతని ప్రతిభలో భాగంగా కొనియాడారు. ఆ మత్తు కారణంగానే 1991లో బృందం అతనిని తొలగించవలసి వచ్చింది. 2023 నవంబరు 30న అతడు మరణించేనాటికి ఆరోగ్యం చాలా ఏళ్లుగా క్షీణించి ఉన్నది. ఈ పాటలను ప్రేమించడానికి ఆ వినాశనాన్ని ప్రేమించనవసరం లేదు; 'ది ఓల్డ్ మెయిన్ డ్రాగ్' రాసినవాడికి పతనం ఎలా ఉంటుందో తెలియనిది కాదు.

తరువాతి కాలంలో లాస్ ఏంజెలిస్‌కు చెందిన ఫ్లాగింగ్ మాలీ, బోస్టన్ ప్రాంతానికి చెందిన డ్రాప్‌కిక్ మర్ఫీస్ వంటి బృందాలు ఈ బాటలో నడిచి కెల్టిక్ పంక్‌ను అమెరికా స్టేడియంల దాకా తీసుకుపోయాయి. వాటి సత్తాను తక్కువ చేయనక్కరలేదు గాని, ఆ వారసత్వంలో వేగానికి, సామూహిక గానానికి దక్కిన పాలు నెమ్మదైన పాటలకు, పరాజితుడి కథకు దక్కలేదు. అందుచేత ఈ ఆల్బమ్‌ను కొత్తగా వినదలచినవారు హోరెత్తే పాటలతో కాక, ముందు 'డర్టీ ఓల్డ్ టౌన్', ఆ తరువాత 'ఎ పెయిర్ ఆఫ్ బ్రౌన్ ఐస్' విని, మెక్‌గోవన్ యాసకు చెవి అలవాటుపడ్డాక మొదటి పాట నుంచి వరుసగా వినడం మేలు. సాహిత్యాన్ని ఎదురుగా పెట్టుకొని వింటే ఇంకా మంచిది. ఆ గొంతు నమిలేసిన మాటల్లో వదులుకోదగినది చాలా తక్కువ.