పసిబిడ్డలకు శౌచశిక్షణము



బిడ్డకు మూడేండ్లు నిండి బడికి బోవు దినము సమీపింపగనే మనము పలకయు బలపమును సమకూర్తుము. క్రొత్త దుస్తులు కుట్టింతుము. కాని ఒంటికి వచ్చినప్పుడు లాగుముడి విప్పుకొనుట బిడ్డకు తెలియునా యని విచారింపము. అక్షరములు నాలుగుదినము లాలస్యముగా వచ్చినను లోటులేదు. ఈ విద్య రానిచో బిడ్డ తొలిదినముననే నగుబాటు పాలగును.

నే నెఱిగిన యొక పసివాడు బడిలో లాగు తడుపుకొనగా తోడిపిల్లలు నవ్విరి, పెద్దలును గద్దించిరి. నాటినుండి వాడు ప్రొద్దున నీళ్లు త్రాగుట మానెను. ఇల్లు చేరువఱకు బిగబట్టుకొనసాగెను. కొలదివారములకే మలము గట్టిపడి విసర్జనమున నొప్పి పుట్టెను. నొప్పికి వెఱచి మఱింత బిగబట్టెను. తల్లి యది యజీర్ణ మనుకొన్నది. దానికి మూలము భయము. మూత్రము నిట్లు నిలుపుటవలన మూత్రకోశమున సూక్ష్మజీవులు పెరిగి మంటయు జ్వరమును గలుగవచ్చును.

పగటివేళ మూత్రము నదుపులో నుంచుకొను శక్తి పెక్కుబిడ్డలకు రెండునుండి నాలుగేండ్లలోపల వచ్చును. రాత్రులందు పక్క తడుపుట యైదేండ్లవఱకు దోషముగా నెంచరాదు. కావున పొరుగింటి బిడ్డతో పోల్చి కొట్టుట యన్యాయము. రెండుగంటలసేపు బట్ట పొడిగా నుండుట, అవసరమును ముందుగా జెప్పుట, లాగు తానే దించుకొనుట యనునవి శిక్షణమునకు దగిన గుఱుతులు.

భోజనమైన పిమ్మట ప్రేవులు సహజముగా గదలును గనుక, ఆవేళ బిడ్డను ఐదునిమిషములు కూర్చుండబెట్టుడు, నిర్బంధింపకుడు. బొందుముడి లాగుకంటె సాగెడి పట్టీగల లాగు మేలు. చిన్నచెంబుతో నెడమచేత కడుగుకొనుట నేర్పుడు. ఆడపిల్లలు ముందునుండి వెనుకకే కడుగుకొనవలెను; లేకున్న మలమందలి సూక్ష్మజీవులు మూత్రద్వారము జేరును. పిదప సబ్బుతో ఇరువది సెకండ్లు చేతులు రుద్దుకొనవలెను. వట్టినీళ్లు చాలవు. పసిబిడ్డ మలము నిర్దోషమని కొందఱందురు. అది పొరపాటు, దానివలనను అతిసారము వ్యాపించును.

1907లో రోమునగరమున శిశుశాలను స్థాపించిన మారియా మాంటిసోరీ గుండీలు పెట్టుకొనుట, చేతులు కడుగుకొనుట మొదలగువానిని పాఠములుగనే నేర్పెను. ఆమె 1939లో చెన్నపట్టణమునకు వచ్చి మన యుపాధ్యాయులకును శిక్షణ మొసగెను. 1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకమున వెలసిన అంగన్‌వాడీలలో నేడు మూడునుండి ఆరేండ్ల బిడ్డలు చదువుకొనుచున్నారు. అచ్చట బలపము పట్టించుట యెంత పాఠమో చేతులు కడిగించుటయు నంతే పాఠము.

బిడ్డను బడిలో జేర్చునాడు తల్లి మూడు సంగతులు చూచుకొనవలెను: మరుగుదొడ్డి తలుపు బిడ్డ తెఱచుకొనగలదా? నీళ్లు చేతి కందునా? అడిగిన తక్షణమే పంపుదురా?

పై పసివానికి పంతులమ్మగారు మరుగుదొడ్డి చూపి, దినదినము భోజనానంతరము మందలింపక తోడ్కొనిపోవుచు వచ్చిరి. తల్లియు నీళ్లు, పండ్లు, ఆకుకూరలు హెచ్చుగా నిచ్చెను. క్రమముగా నొప్పి తొలగెను, భయమును బాసెను. ఇప్పుడు వాడు "నే నొక్కడనే పోయి వచ్చెద" నని లేచుచున్నాడు.

తడిసిన బట్ట మార్చుట క్షణములో పని. బిడ్డ మనస్సున నాటుకొన్న సిగ్గును దీయుట యంత సులభము కాదు.