సోలార్ మోటరు పెట్టినంక నీళ్లు తగ్గకుండా ఏం చూసుకోవాలె? (ఇందిర సౌర గిరి జల వికాసం)

పోడు పట్టా భూములకు సాగునీరు ఇచ్చే ఈ పథకం 2025 మే 19న మన నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో మొదలైంది. అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఉన్న ఎస్టీ రైతులకు ఇది వర్తిస్తుంది. ఐదేళ్లలో 2.10 లక్షల మంది రైతులకు చెందిన 6 లక్షల ఎకరాలకు నీళ్లు ఇవ్వాలనేది లక్ష్యం, ఖర్చు అంచనా 12,600 కోట్ల రూపాయలు. సోలార్ పంపుసెట్టుకు నూరు శాతం సబ్సిడీ. రెండున్నర ఎకరాల కన్నా తక్కువ ఉన్నవాళ్లు పక్క రైతులతో కలిసి గుంపుగా తీసుకోవచ్చు.

సరే, మోటరు వచ్చింది. కరెంటు మోటరు లెక్క నీళ్లు పోస్తదా?

పోస్తది, కానీ తీరు వేరు. కరెంటు మోటరు అర్ధరాత్రి వేసినా అదే ధార. సోలార్ మోటరు ఎండను బట్టి పోస్తది. పొద్దున ఎనిమిదింటికి సన్నగా మొదలై, పది నుంచి మూడు దాకా నిండుగా వచ్చి, సాయంత్రానికి మళ్లీ తగ్గుతది. అందుకే డ్రిప్పు వాల్వులన్నీ ఒక్కసారే తిప్పొద్దు. దగ్గరున్న, పల్లంలో ఉన్న మొక్కలకు పొద్దున పెట్టండి. మిట్ట మీద, దూరంగా ఉన్న మొక్కలకు మధ్యాహ్నం పెట్టండి.

గుంపుగా తీసుకున్నవాళ్లకు తగాదా వచ్చేది ఇక్కడే. "నీకు రెండు గంటలు, నాకు రెండు గంటలు" అనుకుంటే లెక్క సమానంగా కనిపిస్తది, నీళ్లు మాత్రం సమానంగా పడవు. పొద్దటి రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు ఒకటి కావు. గంటల కన్నా రోజుల వంతు మేలు. రోజూ అందరికీ తడి కావాలంటే వారం వారం వంతు మార్చుకోండి. ముందే కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది. కొత్తగా పెట్టిన మామిడి మొక్క మొదటి రెండు మూడు ఎండాకాలాలు దాటాలంటే వంతు తప్పొద్దు.

ఇక ప్యానెళ్ల సంగతి. మన కొల్లాపూర్ వైపు అవి దక్షిణానికి ముఖం పెట్టి, సుమారు 16 డిగ్రీల వాలుతో ఉండాలె. వాలు మార్చే ఫ్రేము అయితే చలికాలంలో ఎక్కువ నిలబెట్టి, ఎండాకాలంలో పడుకోబెట్టాలె. నీడ అసలు పనికిరాదు. ప్యానెళ్లు ఒకదానికొకటి వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్క కొమ్మ నీడ ఒక్క ప్యానెల్ మీద పడ్డా ఆ వరుస మొత్తం కరెంటు తగ్గొచ్చు. స్తంభం పక్కన చెట్టు నాటేముందు పదేళ్ల తర్వాత దాని నీడ ఎటు పడతదో చూసుకోండి.

దుమ్ము కూడా అంతే. దుక్కి దున్నే రోజుల్లో వారానికోసారి తుడవండి. అదీ పొద్దుగాల, అద్దం చల్లగా ఉన్నప్పుడే. మిట్ట మధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు కొడితే పగిలే ప్రమాదముంది. సబ్బు పొడి, గరుకు పీచు వద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తెల్ల మరకలు కడతాయి, అందుకని మెత్తటి బట్టతో వెంటనే ఆరబెట్టండి.

చాలామందికి తెలియని ముచ్చట ఒకటుంది. ప్యానెల్‌కు వెలుతురు కావాలె, వేడి కాదు. దాని మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే దాదాపు ఏడో వంతు తగ్గుతది. ప్యానెళ్ల కింద గాలి ఆడాలె. అక్కడ గడ్డి వామి, సంచులు పెట్టొద్దు.

అయినా ఎండాకాలం ధార తగ్గితే ప్యానెల్‌నే అనుమానించకండి. బోరులో నీటిమట్టం 30 మీటర్ల నుంచి 60 మీటర్లకు దిగితే అదే ఎండకు దాదాపు సగం నీళ్లే వస్తాయి. నీళ్లు అందనప్పుడు కంట్రోలర్ మోటరును దానంతటదే ఆపుతది. దాన్ని తప్పించి వైరు డైరెక్టుగా కలిపితే మోటరు కాలుతది, వారంటీ కూడా పోవచ్చు. కాసేపు ఆగండి, బోరు ఊరినంక అదే నడుస్తది. వారంటీ కాగితం, ప్యానెళ్ల నంబర్లు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రిపేరుకు ఫిర్యాదు ఇచ్చేటప్పుడు మొదట అడిగేవి అవే.