1-0 నుంచి 0-6 దాకా: నయీముద్దీన్ లెక్క

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 28 మంది మాతృభాష బెంగాలీ, 13 మందిది తెలుగు. ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్‌లో బెంగాలీలే ఎక్కువ. తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన కుటుంబాలకు 1950లలో ప్రభుత్వం అక్కడ భూములిచ్చి స్థిరపరిచింది. ఆ వైపు నుంచి వచ్చినవాళ్లకు ఈస్ట్ బెంగాల్ క్లబ్ మీద ఉండే మమకారం వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఫుట్‌బాల్ కబుర్లు మొదలైతే మనవాళ్లు కూడా కాలర్ ఎగరేయడానికి ఒక పేరుంది: సయ్యద్ నయీముద్దీన్. హైదరాబాదీ.

1990లో ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడూ ఒకే ఏడాది ఎత్తుకెళ్లినప్పుడు కోచ్ ఆయనే. అదే ఏడాదికి ద్రోణాచార్య పురస్కారం కూడా వచ్చింది. ఆటగాడిగా అర్జున వచ్చింది 1970లో. మన ఫుట్‌బాల్‌లో ఈ రెండూ ఒకే మనిషి ఖాతాలో ఉండడం అరుదు. కోల్‌కతా పెద్ద క్లబ్బులు మూడింటికీ, అంటే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్‌లకు, ఆయన మొదట ఆడాడు, తర్వాత కోచింగ్ ఇచ్చాడు. కోల్‌కతా అభిమానులు ఒకరి మనిషిని ఇంకొకరు అంత తేలిగ్గా ఒప్పుకోరు మరి.

ఆయన ఆడింది డిఫెన్స్‌లో, స్టాపర్‌గా. పదకొండు మందిలో స్టాపర్ వెనక మిగిలేది గోల్‌కీపర్ ఒక్కడే. మిగతా తొమ్మిది మందీ పక్కనో ముందో కళ్లెదుటే ఉంటారు. ఫార్వర్డ్‌కు గోల్‌పోస్టు కనిపిస్తే చాలు. స్టాపర్‌కు బంతి ఎటు పోతోందన్నదే కాదు, అది లేనిచోట ఎవడు ఖాళీగా నిలబడ్డాడన్నదీ తెలియాలి, తొంభై నిమిషాలూ అరుస్తూ సర్దాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రతి ఎత్తునూ నడిపించే క్వార్టర్‌బ్యాక్‌లు తర్వాత కోచ్‌లవుతుంటారు. మన ఆటలో ఆ దారి స్టాపర్‌కు దగ్గరని నా అభిప్రాయం.

ఇక అసలు లెక్క. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో భారత్ 1-0తో జపాన్‌ను ఓడించింది. కెప్టెన్ నయీముద్దీన్. ఆ జపాన్ ఆషామాషీ జట్టు కాదు, రెండేళ్ల ముందే 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు దక్కిన చివరి పతకం అదే.

35 ఏళ్ల తర్వాత, 2006 ఫిబ్రవరిలో, ఆసియా కప్ క్వాలిఫయర్‌లో మళ్లీ జపాన్ ఎదురైంది. భారత కోచ్ నయీముద్దీన్. స్కోరు 0-6.

ఈ రెండు స్కోర్లూ పక్కపక్కన పెట్టి, ఆడడం వచ్చినవాడికి ఆడించడం రాలేదని తీర్పు చెప్పేవాళ్లున్నారు. నాకది అన్యాయంగా తోస్తుంది. ఈ మధ్యలో జపాన్ 1993లో ప్రొఫెషనల్ లీగ్ పెట్టుకుంది, 1998లో తొలిసారి ప్రపంచకప్ ఆడింది, 2002లో దక్షిణ కొరియాతో కలిసి ప్రపంచకప్‌కు ఆతిథ్యమిచ్చింది. మన జాతీయ లీగ్ మొదలైందే 1996లో. కోచ్ ఒక్కడు పూడ్చగలిగిన గొయ్యి కాదది. దగ్గరి ప్రత్యర్థులతో ఆయన లెక్క వేరు: 1997లో కాఠ్‌మాండూలో మాల్దీవులపై 5-1, 2005లో కరాచీలో బంగ్లాదేశ్‌పై 2-0. రెండూ దక్షిణాసియా టోర్నీ ఫైనళ్లే, రెండుసార్లూ కోచ్ ఆయనే.

అయితే జపాన్ మ్యాచ్ అయిన వారానికే ఢిల్లీలో యెమెన్ చేతిలో 0-3తో ఓడడానికి మాత్రం ఈ వాదన చాలదు. సొంతగడ్డ మీద, సమ ఉజ్జీ అనుకున్న జట్టు మీద వచ్చిన ఆ ఓటమిలో ఆయన వాటా ఉంది. ఆ ఏడాదే జట్టు బాధ్యత బాబ్ హౌటన్ చేతికి వెళ్లింది. 2005 ఫైనల్లో నయీముద్దీన్ చేతిలో ఓడిన బంగ్లాదేశ్, 2007లో ఆయన్నే తన జాతీయ జట్టుకు కోచ్‌గా పెట్టుకుంది.