ఎర్ర స్పినెల్

ఎర్ర స్పినెల్ కెంపును పోలిన ఒక రత్నం. స్పినెల్ అనే ఖనిజం మెగ్నీషియం, అల్యూమినియం, ఆక్సిజన్‌ల కలయిక వలన ఏర్పడుతుంది. శుద్ధమైన స్పినెల్‌కు రంగు ఉండదు. అందులో క్రోమియం కొద్దిగా చేరితే ఎరుపు వస్తుంది. ఇనుము బాగా చేరితే రాయి నల్లబడుతుంది. కెంపు ఎరుపుకు కూడా క్రోమియమే కారణం. అందువలన ఈ రెండింటినీ చాలాకాలం ఒకే జాతి రాయిగా భావించారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో కెంపుటుంగరం చేయించుకొనేవారికి ఈ భేదం తెలియవలసిన అవసరం నేటికీ ఉంది.

పేరు, చరిత్ర

తెలుగులో కెంపు అనే మాటకు ఎరుపు అనే అర్థం కూడా ఉంది. రాయికి పేరు రంగును బట్టి వచ్చింది కనుక ఎర్రగా మెరిసే రాయి ఏదైనా వాడుకలో కెంపే అవుతుంది. నాట్యానికి ధరించే కెంపుల నగలలో చాలావరకు ఉండేవి గాజురాళ్ళు. పారశీకులు మాత్రం కెంపును యాకూత్ అని, స్పినెల్‌ను లాల్ అని వేర్వేరు పేర్లతో పిలిచారు. లాల్ రాళ్ళు బదఖ్షాన్ ప్రాంతం నుండి వచ్చేవి. అక్కడి పేరొందిన కూహ్-ఇ-లాల్ గని నేటి తజికిస్తాన్‌లో ఉంది. మొఘలు చక్రవర్తులు వీటిని మిక్కిలి ఆదరించి, పెద్ద రాళ్ళపై తమ పేర్లు చెక్కించుకున్నారు.

ఐరోపాలో 1783లో రోమె ద లీల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు స్పినెల్‌ను కెంపు నుండి వేరుచేసి చూపాడు. బ్రిటిష్ రాజకిరీటం ముందుభాగాన ఉన్న 'బ్లాక్ ప్రిన్స్ రూబీ', 1849లో లాహోరు ఖజానా నుండి ఈస్టిండియా కంపెనీ స్వాధీనం చేసుకున్న 'తైమూరు రూబీ' - రెండూ పేరుకే కెంపులు, నిజానికి స్పినెల్‌లు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసిన నిజాం ఆభరణాలలో కూడా స్పినెల్‌లు ఉన్నాయి.

ఉత్తరాంధ్రలో దొరుకుతుందా?

ఈ ప్రాంతపు కొండలలో ఎక్కువగా కనిపించే శిలకు ఖొండలైటు అని పేరు. ఖోండు గిరిజనుల పేరు మీదుగా 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. ఈ శిలలలో ఎర్రగా, ఊదారంగు కలిసి కనిపించే గింజలు గార్నెట్‌లు. శిల అరిగి, ఏరుల ద్వారా సముద్రం చేరడం వలన భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలో ఇల్మెనైటు, సిల్లిమనైటులతో పాటు గార్నెట్ కూడా ఉంటుంది. ఒడ్డున అక్కడక్కడ ఇసుక ఎర్రచారలుగా కనబడటానికి ఇదే కారణం. వాటిని కెంపు రజను అనుకోరాదు.

స్పినెల్ కూడా తూర్పు కనుమలలో లేకపోలేదు. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు పరిసరాలలో సాఫిరిన్ అనే అరుదైన ఖనిజంతో కలిసి స్పినెల్ ఉన్నట్లు భూగర్భ శాస్త్రజ్ఞులకు చిరకాలంగా తెలుసు. కాని అది చాలావరకు ఇనుము కలిసిన నల్లని స్పినెల్, సూక్ష్మదర్శినిలో చూడదగిన చిన్న గింజలుగా ఉంటుంది. రత్నమనదగిన ఎర్ర స్పినెల్ సాధారణంగా పాలరాయిలో, ఇనుము తక్కువగా ఉండి క్రోమియం అందిన చోట ఏర్పడుతుంది. ఇక్కడి ఖొండలైటులో ఇనుము, సిలికా రెండూ ఎక్కువే. కాబట్టి "మన కొండల్లో దొరికిన స్పినెల్" అని ఎవరైనా ఎర్రరాయి చూపితే అది గార్నెట్ కావచ్చునని ముందుగా అనుమానించాలి. విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలకు రత్నాలలో పేరు తెచ్చినది వైడూర్యం. అది వేరే ఖనిజం.

అంగడిలోకి వచ్చే ఎర్ర స్పినెల్ ముఖ్యంగా బర్మాలోని మొగోక్, వియత్నాంలోని లుక్ యెన్, టాంజానియాలోని మహెంగె ప్రాంతాలది. 2007లో మహెంగెలో చాలా పెద్ద స్ఫటికాలు బయటపడిన తరువాత ఈ రాయి పట్ల సేకరణకర్తల ఆసక్తి బాగా పెరిగింది.

గుర్తించే విధానం

కెంపును పాలలో వేస్తే పాలు ఎర్రబడతాయన్న మాట నేటికీ వినబడుతుంది. ఎర్రని గాజుముక్క వేసినా పాలలో ఎర్రని ఛాయ కనిపిస్తుంది కనుక అది పరీక్ష కాదు.

స్పినెల్ కాఠిన్యం 8, కెంపుది 9. స్పినెల్ సాపేక్ష సాంద్రత సుమారు 3.60, కెంపుది 4.00, అందుచేత ఒకే బరువున్న రెండు రాళ్ళలో స్పినెల్ కాస్త పెద్దదిగా కనిపిస్తుంది. స్పినెల్ వక్రీభవన గుణకం సుమారు 1.718, కెంపుది 1.762 నుండి 1.770 వరకు. అన్నిటికంటె ముఖ్యమైనది, కెంపులో కాంతికిరణం రెండుగా చీలుతుంది, స్పినెల్‌లో చీలదు. కెంపును వేర్వేరు దిక్కుల నుండి చూస్తే ఎరుపులో రెండు ఛాయలు తెలుస్తాయి. స్పినెల్ ఎటు చూసినా ఒకటే రంగు. గార్నెట్‌లో కూడా కాంతి చీలదు. అయితే అతినీలలోహిత కాంతి పడినప్పుడు ఎర్ర స్పినెల్ నిప్పువలె వెలుగుతుంది, గార్నెట్ వెలగదు. ఇనుమున్న గార్నెట్‌ను బలమైన అయస్కాంతం కొద్దిగా లాగుతుంది. కెంపు కూడా అతినీలలోహిత కాంతిలో వెలుగుతుంది కనుక ఆ దీపం ఒక్కదానినే నమ్మరాదు.

పదిరెట్లు పెంచి చూపే భూతద్దంలో సహజ స్పినెల్ లోపల ఎనిమిది ముఖాల బుల్లి స్ఫటికాలు వరుసలుగా కనబడవచ్చు. వంకర గీతలు, గాలిబుడగలు కనిపిస్తే అది జ్వాలలో కరిగించి చేసిన కృత్రిమ రాయి అయి ఉండవచ్చు. ద్రావకంలో పెంచిన కృత్రిమ ఎర్ర స్పినెల్‌ను మాత్రం సహజ రాయి నుండి విడదీయడం ప్రయోగశాలకే సాధ్యం, ఎందుకంటే దాని గుణకాలన్నీ సహజ రాయివే.

కొనుగోలు

అరసవల్లి సూర్యనారాయణస్వామి వెలసిన జిల్లాలో సూర్యునికి ప్రీతియని కెంపు ధరించేవారు ఎందరో. కెంపుకు ఉపరత్నంగా స్పినెల్‌ను సూచించడమూ కద్దు. ఆ ఫలితాల మాట ఎలా ఉన్నా, ఏ రాయికి సొమ్ము చెల్లిస్తున్నదీ తెలియాలి. పగుళ్ళలో సీసపు గాజు నింపిన నాసిరకం కెంపు కంటే మంచి స్పినెల్ ఎంతో మేలైనది. స్పినెల్‌లో ఎక్కువ భాగం ఏ శుద్ధి ప్రక్రియా లేకుండానే అమ్ముడవుతుంది. కొన్నిటిని వేడి చేయడం, నూనె పట్టించడం ఉంది.

నగపై ఉండే హాల్‌మార్కు బంగారం స్వచ్ఛతకే గాని అందులో పొదిగిన రాయికి వర్తించదు. ఈ సంగతి తెలియక ముద్ర చూసి రాయిని కూడా నమ్మేవారున్నారు. ఖరీదైన రాయిని పొదగక ముందే జైపూరు, ముంబై వంటి చోట్ల ఉన్న రత్నపరీక్షా ప్రయోగశాలకు పంపడం మంచిది. పొదిగిన తరువాత బరువు, సాంద్రత సరిగా కొలవడం కుదరదు. ధ్రువపత్రంలో ఖనిజం పేరు, సహజమా కృత్రిమమా, శుద్ధి జరిగిందా అన్న మూడు విషయాలు చూడాలి.

బరువును రత్తులలో చెబితే క్యారెట్లలో రాయించుకోవాలి. రత్తి అంటే మొదట గురివిందగింజ ఎత్తు. దాని విలువ వర్తకులను బట్టి మారుతుంది. రత్నాల క్యారెట్ ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే. బంగారానికి చెప్పే క్యారెట్ స్వచ్ఛతకు కొలత, దీనికి దానితో సంబంధం లేదు.