నేల అస్సాముది, నిర్ణయం ఢిల్లీది

చమురు క్షేత్రాల నియంత్రణ, అభివృద్ధికి ఉద్దేశించిన 1948 నాటి చట్టానికి సవరణలను రాజ్యసభ 2024 డిసెంబరులోను, లోక్‌సభ 2025 మార్చిలోను ఆమోదించాయి. పెట్టుబడులను ఆకర్షించడానికి ఇవి అవసరమని ప్రభుత్వం వాదించింది. రాష్ట్రాల పన్ను హక్కులకు భంగం కలుగుతుందని ప్రతిపక్షాలు ఆందోళన వెలిబుచ్చాయి. ఈ వివాదం ఈనాటిది కాదు. దీని పూర్వాపరాలు తెలియాలంటే ఎగువ అస్సాంలోని దిగ్బోయ్ చరిత్రను తిరగవేయాలి.

బొగ్గు, తేయాకుల కోసం రైలుమార్గం వేసిన అస్సాం రైల్వేస్ అండ్ ట్రేడింగ్ కంపెనీ 1889లో ఇక్కడ తవ్వకం ఆరంభించగా, మరుసటి సంవత్సరం 662 అడుగుల లోతున చమురు పడింది. అడవిలో దుంగలు లాగివచ్చిన ఏనుగు పాదాలకు అంటిన నల్లని జిడ్డే దీని జాడ తెలిపిందని స్థానికులు కథగా చెప్పుకుంటారు. 1899లో అస్సాం ఆయిల్ కంపెనీ ఏర్పడింది. 1901లో ప్రారంభమైన శుద్ధి కర్మాగారం నేటికీ పనిచేస్తున్నది. 1921లో యాజమాన్యం బర్మా ఆయిల్ కంపెనీ చేతికి వచ్చింది.

క్షేత్రం చిన్నదే గాని, రాజకీయం చిన్నది కాదు. 1939లో వేలాది కార్మికులు సమ్మె కట్టారు. ఏప్రిల్‌లో జరిగిన కాల్పులలో ముగ్గురు మరణించారు. గోపీనాథ్ బర్దలై మంత్రివర్గం రాజీకి ప్రయత్నించినా కంపెనీ దిగిరాలేదు. సెప్టెంబరులో ప్రపంచ యుద్ధం రాగానే, చమురు యుద్ధావసరమన్న సాకుతో సమ్మెను అణచివేశారు. ప్రజలెన్నుకున్న రాష్ట్ర ప్రభుత్వం మాట ఒక కంపెనీ ముందు చెల్లలేదు.

స్వాతంత్ర్యానంతరం కంపెనీ స్థానంలోకి కేంద్రం వచ్చింది. 1953లో నహర్‌కటియాలో మరింత పెద్ద నిక్షేపం బయటపడినప్పుడు, ఆ ముడి చమురును బీహారులోని బరౌనీకి తరలించి శుద్ధి చేయాలన్న ఆలోచనపై అస్సాం భగ్గుమన్నది. ఫలితంగా 1962లో గౌహతి సమీపాన నూన్‌మతిలో చిన్న కర్మాగారం వెలిసింది. 1964లో పని ప్రారంభించిన బరౌనీ కర్మాగారం అంతకంటె ఎంతో పెద్దది. 1979లో మొదలైన అస్సాం ఉద్యమం 'రక్తమిస్తాం, చమురు ఇవ్వం' అని నినదించి చమురు రవాణాను నిలిపివేయడం వెనుక ఈ గాయం కూడా ఉన్నది. ఆ ఆందోళన నడుమనే, 1981 అక్టోబరులో, దిగ్బోయ్ ప్రభుత్వ రంగానికి దఖలు పడింది. 1985 నాటి అస్సాం ఒప్పందంలో హామీగా చేరిన శుద్ధి కర్మాగారం నుమాలిగఢ్‌లో ప్రారంభమయ్యేసరికి 1999 వచ్చింది.

రాజ్యాంగం ప్రకారం చమురు కేంద్ర జాబితాలోని అంశం. భూమిపై లభించే చమురుకు రాయల్టీ రాష్ట్రానికి దక్కుతుంది గాని, ఆ రేటును నిర్ణయించేది కేంద్రమే. తీరానికి ఆవల సముద్రగర్భంలో లభిస్తే ఆ రాయల్టీ సయితం కేంద్రానిదే. కృష్ణా–గోదావరి సముద్ర క్షేత్రాలను ఎదుట ఉంచుకుని ఆంధ్రులు అడుగుతున్న వాటా ప్రశ్నకు మూలం ఇక్కడున్నది.

లాభంలో వాటా ఎంత అన్నది ఒక ప్రశ్న. ముప్పులో వాటా ఎవరిదన్న దానికి మాత్రం జవాబు స్పష్టమే. 1995లో కోనసీమలోని పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2020 మేలో, దిగ్బోయ్ ఉన్న తిన్‌సుకియా జిల్లాలోనే బాఘ్‌జాన్ బావి పేలి, జూన్‌లో అంటుకున్న మంటలు నవంబరు దాకా ఆరలేదు. అగ్నిమాపక సిబ్బంది ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. వేలాది గ్రామస్థులు శిబిరాల పాలయ్యారు.

యజమానులు మారారు, చట్టాలు మారాయి. చమురు జాతి సంపద అన్న సూత్రాన్ని కాదనేవారు లేరు. కాని ఆ జాతిలో బావి పక్కన నివసించే పౌరుడు కూడా ఒకడు. లీజు ఇచ్చేముందు అతని మాట వినే ఏర్పాటు చట్టంలో చేరేవరకు, దిగ్బోయ్‌లో మొదలైన తగవు సమసిపోదు.