పరిశీలన పడకలకు చేయూతనిద్దాం

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి ఆస్పత్రుల ఎమర్జెన్సీ పక్కన పరిశీలన విభాగం ఎందుకు అవసరమో దాతలకు వివరిస్తున్నాం.

పాము కరిచిన రైతు రక్తాన్ని గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టినా ఇంటికి పంపకూడదు. కట్లపాము విషమైతే గంటల తర్వాత కనురెప్పలు వాలడంతో బయటపడవచ్చు. 24 గంటలు కనిపెట్టి ఉండాలి. ఛాతీనొప్పిలో మొదటి ఈసీజీ బాగున్నా మళ్లీ తీయాలి.

ఇందుకు కొన్ని మంచాలు, ఆక్సిజన్, మానిటర్, రాత్రంతా మెలకువగా ఉండే నర్సు కావాలి. ఆ గడువులోగా డాక్టరు తేలుస్తారు: ఇంటికా, వార్డుకా, వరంగల్ ఎం.జి.ఎం.కా అని.

మంచం ఒకసారి కొంటే చాలు. నర్సు జీతం నెలనెలా కావాలి. మీ సదఖాలో కొంత దానికి కేటాయించాలని మనవి.