సుంకరి వాకిట అభయము

సుంకరి యెదుట సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు అని మన పెద్దలలో ఒక సామెత కలదు. వినని చెవికి విన్నపము చేసికొనుట వ్యర్థమని దాని భావము. సంస్కృతములోని శుల్కమే తెలుగున సుంకమైనది. దానిని వసూలు చేయువాడు సుంకరి. బండి నాపి మూట విప్పించు అధికారము గలవాని ముందు సామాన్యుడెంత నిస్సహాయుడో ఆ చిన్న సామెత చెప్పకయే చెప్పుచున్నది. బండ్లు పోయి విమానములు వచ్చినవి. పొలిమేరలోని సుంకపు చావడికి బదులు విమానాశ్రయములో కస్టమ్సు శాల వెలసినది. మూట విప్పించువానికిని విప్పువానికిని నడుమ నుండవలసిన ధర్మమేది అను ప్రశ్న మాత్రము మారలేదు.

ఈ ప్రశ్నకు మన తీరముననే ఒక సమాధానము రాతిపై చెక్కబడి యున్నది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసన మది. గాలివానకు చిక్కి తీరమునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగువానిని పూర్వపు రాజులు బలవంతముగా లాగుకొనెడివారు. తాను మాత్రము నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులకే విడిచిపెట్టుచున్నానని గణపతిదేవుడు ప్రకటించెను. 1358లో రెడ్డిరాజైన అనవోతారెడ్డి ఆ రేవుననే మరల అట్టి అభయమునే యిచ్చెను. సుంకము వలదని వీరెవ్వరును అనలేదు. ఎంత తీసికొందురో ముందే చెప్పి, అంతకు మించి ముట్టబోమని మాట యిచ్చిరి. అభయమనగా నిదియే.

దీనికి భిన్నమైన కథ బందరు రేవున జరిగినది. 1611లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ అచ్చట వర్తకస్థానము నెలకొల్పినది. 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఆ కంపెనీకి బంగారు ఫర్మానా ననుగ్రహించెను. ఏటా 500 పగోడాలు చెల్లించినచో చాలును. గోలకొండ రేవులలో స్వేచ్ఛగా వర్తకము సాగించుకొనవచ్చును. పెడన, బందరు ప్రాంతముల అద్దకపు బట్టలు దేశదేశములకు పోయిన కాలమది. మోటుపల్లి శాసనము రేవునకు వచ్చు వర్తకులందఱికి. బంగారు ఫర్మానా ఒక్క కంపెనీకి. మొదటిది హక్కు, రెండవది మినహాయింపు. తెలిసిన అధికారి యెవరైన నున్నారా యని నేడు మనము వెదకుట ఆ మినహాయింపు కొఱకే. హక్కు తెలిసినవానికి ఆ వెదకులాటతో పనిలేదు.

నేడు పెడన నుండి పరదేశము పోవువారికి చేరువనున్న విమానాశ్రయము గన్నవరము. దానికి 2017లో అంతర్జాతీయ హోదా లభించినది; 2022లో షార్జాకు నేరుగా విమానము మొదలైనది. గల్ఫు దేశములకు కూలిపనికి పోవువారు, అమెరికా చదువులకు పోవు విద్యార్థులు, కుమార్తెల పురుళ్లకు పోయివచ్చు తల్లులు, అందఱును తిరుగుప్రయాణమున కస్టమ్సు శాల దాటవలసినవారే. చెప్పదగిన సరకు లేనివారికి ఆకుపచ్చ దారి, ఉన్నవారికి ఎఱ్ఱ దారి. విమానమెక్కుటకు ముందు అందఱిని తడిమిచూచు భద్రతా తనిఖీ వేఱు. అది విమాన క్షేమము కొఱకు. ఇచ్చట చెప్పబోవునది కస్టమ్సువారి సోదాను గూర్చి.

దీనికి మూలము 1962 నాటి కస్టమ్సు చట్టము. పెట్టె తెఱచి చూపుమనుటకు అధికారికి విశాలమైన అధికారము కలదు. మనిషి మేనిని సోదా చేయుటకు మాత్రము చట్టము హద్దులు గీచినది. జప్తు చేయదగిన సరకును ఒంటిమీద దాచినాడని నమ్ముటకు తగిన కారణముండవలెనని 100వ సెక్షను చెప్పుచున్నది. అనుమానము వేఱు, నమ్ముటకు తగిన కారణము వేఱు. ముఖము నచ్చకపోవుట అనుమానమునకు చాలును గాని కారణము కానేరదు. ఈ భేదమును చట్టము ఊరక చెప్పి విడువలేదు. అట్టి కారణము లేకయే సోదాకు లోబఱచిన అధికారికి ఆఱు నెలల వఱకు ఖైదు గాని, వేయి రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని 136వ సెక్షను శాసించుచున్నది.

102వ సెక్షను ఇంకను ముఖ్యమైనది. సోదాకు ముందు తన్ను సమీపమునందలి గెజిటెడ్ కస్టమ్సు అధికారి యెదుటికి గాని, మేజిస్ట్రేటు నెదుటికి గాని తీసికొనిపొమ్మని ప్రయాణికుడు కోరవచ్చును. కోరినచో అనవసరపు ఆలస్యము లేక తీసికొనిపోవలసినదే. తగిన కారణము కనబడనిచో ఆ పైయధికారి వెంటనే విడిచిపెట్టవలెను. సోదాను చూచుటకు ఇద్దఱికి తక్కువ కాకుండ సాక్షులుండవలెను. పట్టుకొన్న వస్తువులన్నిటికి పట్టిక వ్రాసి సాక్షులచేత సంతకము చేయింపవలెను. స్త్రీని స్త్రీయే సోదా చేయవలెను, పురుషుడు చేయరాదు. ఈ రక్షణలు స్వాతంత్ర్యానంతరము పుట్టినవి మాత్రమే కావు. పరప్రభుత్వము చేసిన 1878 నాటి సముద్ర కస్టమ్సు చట్టములోనే పైయధికారి యెదుటికి పోవు హక్కును, స్త్రీని స్త్రీయే సోదా చేయవలెనను నియమమును ఉండెను.

సరకును కడుపులో దాచినాడని తలచినపుడు నియమము మఱింత కఠినము. ఉన్నతాధికారి అనుమతితో యంత్రముచే స్కాను చేయవచ్చును గాని, ఎక్స్‌రే తీయుటకు మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. ప్రయాణికుడు తానే ఒప్పుకొనినచో అది వేఱు మాట.

ఇచ్చట పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. పైయధికారి యెదుటికి తీసికొనిపోవుట గూర్చి చట్టము పలికిన షరతు, ఆ వ్యక్తి కోరినచో అని. కోరని వానికి ఆ తలుపు తెఱువబడదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు గదా! ఉన్నదని తెలియని దానిని ఎవడడుగగలడు? బడిచదువు లేక ఇంటిపనికై కువైటు పోయివచ్చిన తల్లికిని, చట్టము చదివిన న్యాయవాదికిని అక్షరములలో హక్కు ఒక్కటే. కస్టమ్సు శాలలో మాత్రము అవి రెండు హక్కులై పోవుచున్నవి.

హక్కుల వెంట బాధ్యతలును కలవు. సామాను వివరము నిజముగా తెలుపుట 77వ సెక్షను విధించిన ధర్మము. బంగారము, గడియారములు వంటివానిని దొంగరవాణా సరకని నమ్మి పట్టుకొన్నపుడు, అవి అట్టివి కావని నిరూపించు భారము 123వ సెక్షను ప్రకారము పట్టుబడినవానిపైననే పడును. కావున కొనుగోలు రసీదులు భద్రపఱచుకొనుట, విలువగల నగలతో పరదేశము పోవునపుడు ఇచ్చటి కస్టమ్సువారివద్ద ఎగుమతి ధ్రువపత్రము తీసికొనుట వివేకము. నిజము చెప్పిన ప్రయాణికుని సరకును ఆపి యుంచి, అతడు దేశము విడుచునపుడు తిరిగి యిచ్చు వీలును 80వ సెక్షను కల్పించినది. దాచినవానికి ఆ సౌకర్యము లేదు.

వస్తువును పట్టుకొన్నంత మాత్రమున కథ ముగియదు. జప్తు చేయుటకు ముందు కారణములు తెలుపు నోటీసు ఇచ్చి, ప్రయాణికుని వాదము వినవలెను. ఆఱు నెలలలో నోటీసు రానిచో వస్తువును తిరిగి యీయవలసినదే; కారణములు వ్రాసి ఉన్నతాధికారి మఱి యాఱు నెలలు గడువు పెంపవచ్చును. ఉత్తరువు నచ్చనిచో 60 దినములలో అప్పీలు చేసికొనవచ్చును. 2024లో ఢిల్లీ హైకోర్టు ప్రయాణికుడు ముందునుండియు వాడుకొనుచున్న సొంత నగలకు 2016 నాటి సామాను నియమములలోని ధరపరిమితి వర్తింపదని తీర్పు చెప్పినది. ఈ పరిమితుల అంకెలు మాఱుచుండును గనుక ప్రయాణమునకు ముందు ఆనాటి నియమమును చూచుకొనవలెను. నోటీసు అక్కఱలేదు, విచారణ అక్కఱలేదు అని ముందే అచ్చువేసిన కాగితముపై తీసికొన్న సంతకము చట్టప్రకారము చెల్లదని 2025లో ఆ న్యాయస్థానమే పలికినది. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, పోలీసులు అరెస్టు చేసినవారికి గల రక్షణలు కస్టమ్సువారు అరెస్టు చేసినవారికిని వర్తించునని స్పష్టపఱచినది. విచారణ సమయమున తన న్యాయవాదిని కలిసికొను హక్కు అందులో నొకటి.

కస్టమ్సు అధికారి మనకు శత్రువు కాడు. దొంగబంగారమును, మాదకద్రవ్యములను అరికట్టు బరువైన పని అతనిది. హద్దెఱిగిన అధికారికి హక్కెఱిగిన ప్రయాణికుని వలన చిక్కులేదు. ఇద్దఱి నడుమ చట్టమున్నపుడు ఒకరికి బెదిరింపవలసిన పనిలేదు. వేఱొకరికి బతిమాలవలసిన పనిలేదు.

మోటుపల్లి శాసనమును మన బడులలో చరిత్రపాఠముగ చెప్పుచున్నాము. ఆ పాఠము చెప్పిన నాడే 102వ సెక్షనును నల్లబల్లపై తెలుగులో వ్రాయుటకు పావుగంట చాలును. ఆ బాలురలో, బాలికలలో కొందఱు నాలుగైదేండ్లకు గన్నవరములో విమానమెక్కుదురు. మఱికొందఱి తలిదండ్రులు ఇప్పటికే ఎక్కి దిగుచున్నారు. దరఖాస్తు నింపుట నేర్పుచున్న ఉపాధ్యాయులు, సంతకము చేయుటకు ముందు కాగితమును చదువుటయు, భాష తెలియనిచో చదివి చెప్పుమని అడుగుటయు నేర్పవలెను. అడుగుట అవిధేయత కాదని పిల్లలకు చెప్పవలసిన చోటు బడియే.